కోనసీమలో టెలిఫోను సేవల అంతరాయాలు, అవాంఛిత కాల్స్

కోనసీమ ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో గోదావరి నది పాయలైన గౌతమి, వశిష్టల నడుమ, బంగాళాఖాతాన్ని ఆనుకొని ఉన్న డెల్టా ప్రాంతం. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం, రావులపాలెం ఇక్కడి ముఖ్య పట్టణాలు, కూడళ్ళు. ఈ ప్రాంతంలో టెలిఫోను సేవలకు రెండు రకాల ఇబ్బందులు ఉన్నాయి. మొదటిది, తుఫానులు, వరదలు, విద్యుత్తు కోతలు, కేబుళ్ళలో నీరు చేరడం వంటి కారణాల వలన ఫోను పనిచేయకపోవడం. రెండవది, ఫోను పనిచేస్తున్నప్పుడు అడగకుండానే వచ్చే వ్యాపార కాల్స్, రికార్డు చేసిన గొంతుతో వచ్చే యాంత్రిక కాల్స్, మోసపూరిత కాల్స్.

ఈ రెండు ఇబ్బందులకూ సంబంధం ఉంది. తుఫాను హెచ్చరిక, వరద సమాచారం, గల్ఫ్ దేశాలలో పనిచేసే కుటుంబ సభ్యుల కబురు, బ్యాంకు సందేశం అన్నీ ఆ ఒక్క ఫోనుకే వస్తాయి. అవాంఛిత కాల్స్ ఎక్కువైన కొద్దీ తెలియని నంబరు నుండి వచ్చే కాల్‌ను ఎత్తకపోవడం అలవాటవుతుంది. అప్పుడు అవసరమైన కబురు కూడా చేరకుండా పోయే ప్రమాదం ఉంటుంది.

భౌగోళిక నేపథ్యం

కోనసీమకు తూర్పున గౌతమి, పడమర వశిష్ట, దక్షిణాన సముద్రం ఉన్నాయి. వశిష్ట నుండి చీలిన వైనతేయ పాయ ఈ ప్రాంతం మధ్యగా ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. నది మధ్యలోను, ఏటిగట్ల లోపల ఉన్న భూములను లంకలు అంటారు. బయటి ప్రాంతాలతో రాకపోకలు రావులపాలెంకు ఇరువైపుల జొన్నాడ, సిద్ధాంతం వద్ద ఉన్న జాతీయ రహదారి వంతెనలు, చించినాడ వంతెన, యానాం - ఎదుర్లంక వంతెనల మీదుగా సాగుతాయి. యానాం - ఎదుర్లంక వంతెనకు లోక్‌సభ స్పీకరుగా ఉండి 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన అమలాపురం సభ్యుడు జి.ఎం.సి.బాలయోగి పేరు పెట్టారు.

మనుషుల లాగానే టెలిఫోను తీగలు కూడా ఈ పాయలను దాటి రావలసినదే. నదిని దాటే మార్గాలు కొద్దిగానే ఉండటం వలన ఒక మార్గంలో తెగిన కేబులు ప్రభావం చాలా గ్రామాలపై పడుతుంది. భూగర్భ జలమట్టం పైననే ఉండటం, కాలువలు, కొబ్బరి తోటలు దట్టంగా ఉండటం, సముద్రపు ఉప్పుగాలి వంటివి కూడా తీగల నిర్వహణను కష్టతరం చేస్తాయి.

చరిత్ర

ట్రంకు కాల్స్ కాలం

భారతదేశంలో తొలి టెలిఫోను ఎక్స్ఛేంజీలు 1882లో కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలలో ప్రారంభమయ్యాయి. స్వాతంత్ర్యం తరువాత చాలాకాలం తపాలా తంతి శాఖ ఈ సేవలను నడిపింది. దూర ప్రాంతాలతో మాట్లాడటానికి 180 నంబరుకు ఫోను చేసి ట్రంకు కాల్ బుక్ చేసుకొని వేచి ఉండవలసి వచ్చేది. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని తొందరను బట్టి రుసుములు వేరుగా ఉండేవి. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైన ఎస్.టి.డి. సౌకర్యం క్రమంగా దేశమంతటికీ విస్తరించింది. ఎస్.టి.డి. కోడ్‌ల విభజనలో అమలాపురానికి 08856, రాజోలుకు 08862, రావులపాలెం, కొత్తపేటలకు 08855 వచ్చాయి.

గ్రామీణ ఎక్స్ఛేంజీలు

1984లో స్థాపించిన సి-డాట్ సంస్థ, శీతల గదులు అవసరం లేని చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజీని రూపొందించింది. 128 లైన్ల ఈ ఎక్స్ఛేంజి 1986 నుండి దేశంలోని గ్రామాలలో వాడుకలోకి వచ్చింది. 1985లో తపాలా శాఖ నుండి విడివడిన టెలికాం శాఖ 1990లలో ఎక్స్ఛేంజీలను, ఎస్.టి.డి. బూతులను విరివిగా పెంచింది. 2000 అక్టోబరు 1 నుండి ఈ సేవలను భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్ (బి.ఎస్.ఎన్.ఎల్.) చేపట్టింది. కోనసీమ ఆ సంస్థ రాజమండ్రి టెలికాం జిల్లా పరిధిలోకి వచ్చింది.

సెల్ ఫోను, ఫైబరు

బి.ఎస్.ఎన్.ఎల్. సెల్ ఫోను సేవ 2002 అక్టోబరులో ప్రారంభమైంది. 2003 మే నుండి సెల్ ఫోనుకు వచ్చే కాల్స్ ఉచితం కావడంతో సామాన్యులు కూడా వాటిని కొనసాగారు. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన తరువాత ఇంటర్నెట్ ధరలు బాగా తగ్గాయి.

2016 డిసెంబరు 29న రాజోలు ప్రాంతంలోని సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు ఆంధ్ర ప్రదేశ్ ఫైబర్‌నెట్ సేవలను ప్రారంభించాడు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టెలివిజన్, టెలిఫోను మూడూ ఇవ్వడం ఈ పథకం ఉద్దేశం. ఖర్చు, సమయం కలిసివచ్చేందుకు ఫైబరు తీగలను ఎక్కువ భాగం విద్యుత్తు స్తంభాల మీదుగానే లాగారు.

అంతరాయాలకు కారణాలు

కేబుళ్ళలో నీరు

పాత టెలిఫోను లైనులో ఎక్స్ఛేంజి నుండి చందాదారు ఇంటివరకు ఒక జత రాగి తీగలు ఉంటాయి. వీటిలో ఎక్స్ఛేంజి బ్యాటరీల నుండి 48 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. భూమిలోని కేబులు అతుకులలోకి నీరు చేరితే తీగల మధ్య విద్యుత్తు కారుతుంది. దాని ఫలితాలు ఇలా ఉంటాయి:

గరగర శబ్దం: మాటల వెనుక ఎడతెగని రొద వినిపిస్తుంది. వాన కురిసిన తరువాత ఎక్కువై, ఎండ కాసిన తరువాత తగ్గుతుంది.

క్రాస్ టాక్: పక్క జతలోని మాటలు ఈ లైనులో వినిపిస్తాయి.

ఒక్క రింగుతో ఆగిపోవడం: తడి తీగలలో కారే విద్యుత్తును చూసి, రిసీవరు ఎత్తారని ఎక్స్ఛేంజి పొరబడుతుంది. రింగు ఆగిపోతుంది, ఎత్తితే ఎవరూ పలకరు.

డెడ్: డయల్ టోను అసలే రాదు.

రోడ్ల వెడల్పు, మంచినీటి గొట్టాలు, డ్రైనేజీ పనుల కోసం తవ్వేటప్పుడు కేబుళ్ళు తెగడం మరొక కారణం. వందల జతలు ఉన్న కేబులు తెగితే ఒక్కొక్క జతను వెతికి అతకవలసి ఉంటుంది. 2020 జనవరి 31న స్వచ్ఛంద పదవీ విరమణ పథకం క్రింద దేశవ్యాప్తంగా సుమారు 78 వేల మంది బి.ఎస్.ఎన్.ఎల్. ఉద్యోగులు ఒకేసారి విరమించారు. దానితో స్థానికంగా ఏ పెట్టె ఎక్కడ ఉందో, ఏ జత ఎటు పోతుందో తెలిసిన అనుభవజ్ఞులు చాలామంది సేవనుండి తొలగిపోయారు.

విద్యుత్తు

రాగి తీగల ఫోనుకు విద్యుత్తు ఎక్స్ఛేంజి నుండే వస్తుంది. కనుక ఇంట్లో కరెంటు లేకపోయినా, ఎక్స్ఛేంజిలో బ్యాటరీలు, జనరేటరు ఉన్నంతవరకు అది పనిచేస్తుంది. ఫైబరు ఫోనుకు ఈ సౌకర్యం లేదు. దాని పెట్టెకు ఇంటి కరెంటు కావాలి. సెల్ టవరు కూడా కరెంటు పోయిన తరువాత కొన్ని గంటలు బ్యాటరీలపై, ఆపైన డీజిల్ జనరేటరుపై నడుస్తుంది. రోడ్డుపై చెట్లు పడి డీజిల్ చేరకపోతే టవరు ఆగిపోతుంది. ఈ విధంగా, కొత్త సాంకేతికత వలన వేగం పెరిగినప్పటికీ, గాలివాన సమయంలో పాత ఫోనుకు ఉన్న ఒక బలం పోయింది. ఫైబరు తీగ విద్యుత్తు స్తంభం మీదనే ఉన్నచోట, స్తంభం కూలితే కరెంటు, ఫోను, ఇంటర్నెట్ కలిసే పోతాయి.

తుఫానులు

1996 నవంబరు 6 సాయంత్రం కాకినాడకు దక్షిణంగా కోనసీమ వద్ద తీరం దాటిన తుఫాను ఈ ప్రాంత చరిత్రలోని ఘోర విపత్తులలో ఒకటి. ఇందులో వెయ్యిమందికి పైగా మరణించారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి తీర గ్రామాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. సముద్రంలో వేటకు వెళ్ళిన మత్స్యకారులు అనేకమంది తిరిగి రాలేదు. కొబ్బరి చెట్లు లక్షల సంఖ్యలో నేలకూలాయి. విద్యుత్తు, టెలిఫోను స్తంభాలు పడిపోవడంతో బయటి ప్రపంచంతో సంబంధాలు తెగిపోయాయి.

2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను కాట్రేనికోన సమీపంలోను, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను వశిష్టకు ఆవలి ఒడ్డున ఉన్న నరసాపురం సమీపంలోను తీరం దాటాయి.

తీగలు, టవర్లు పనిచేయనప్పుడు అమెచ్యూర్ రేడియో (హామ్ రేడియో) ప్రత్యామ్నాయంగా ఉపయోగపడుతుంది. దీనికి ఎక్స్ఛేంజితో గాని, టవరుతో గాని పనిలేదు. ఈ విద్యలో శిక్షణ ఇచ్చే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ హైదరాబాదులో ఉంది.

వరదలు

ధవళేశ్వరం ఆనకట్ట వద్ద వరద 17.75 లక్షల క్యూసెక్కులు దాటితే మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో ఇది సుమారు 35 లక్షలకు, 2006 ఆగస్టులో 28 లక్షలకు పైగా, 2022 జూలైలో 25 లక్షలకు పైగా చేరింది. ఇటువంటి సమయాలలో లంక గ్రామాలకు ముందుజాగ్రత్తగా విద్యుత్తు సరఫరా నిలిపివేస్తారు. టవరు నీటిలో మునగకపోయినా బ్యాటరీ అయిపోగానే ఆగిపోతుంది. అది పనిచేసినా ప్రజల చేతులలోని ఫోన్లకు చార్జింగు పెట్టుకునే వీలుండదు. పడవ కావాలని, మందులు కావాలని చెప్పవలసిన సమయం కూడా అదే.

2022లో ఇంటర్నెట్ నిలుపుదల

అన్ని అంతరాయాలూ ప్రకృతి వలన కలిగినవి కావు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. ఆ జిల్లాకు డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు పెట్టాలన్న ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో జరిగిన నిరసన హింసాత్మకంగా మారింది. మంత్రి పినిపే విశ్వరూప్, శాసనసభ్యుడు పొన్నాడ సతీష్ కుమార్‌ల ఇళ్ళకు నిప్పు పెట్టారు. దీని తరువాత ప్రభుత్వం వదంతులను అరికట్టేందుకు మొబైలు ఇంటర్నెట్‌ను నిలిపివేసింది. సుమారు రెండు వారాలపాటు ఈ నిలుపుదల కొనసాగింది. ఇంటినుండి పనిచేస్తున్న సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, ఫోను ద్వారా చెల్లింపులు తీసుకునే చిన్న వ్యాపారులు ఇబ్బంది పడ్డారు. జిల్లాకు డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ జిల్లా అన్న పేరు అదే సంవత్సరం ఖరారైంది.

ఇటువంటి నిలుపుదలకు అప్పట్లో 2017 నాటి టెలికాం సేవల తాత్కాలిక నిలుపుదల నిబంధనలు ఆధారం. ఒక ఉత్తర్వు 15 రోజులకు మించి ఉండరాదని 2020 నవంబరులో వాటిని సవరించారు. ఉత్తర్వులను ప్రచురించాలని, నిరవధికంగా నిలిపివేయడం చెల్లదని 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2024 నవంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి.

అవాంఛిత యాంత్రిక కాల్స్

పనిచేసే విధానం

మనిషి వేలితో నంబరు నొక్కకుండా, కంప్యూటరే జాబితాలోని నంబర్లకు వరుసగా ఫోను చేసే ఏర్పాటును ఆటో డయలర్ అంటారు. ఎత్తగానే రికార్డు చేసిన గొంతు వినిపిస్తే అది రోబో కాల్. విన్నవారు అంకెలు నొక్కి జవాబు చెప్పే ఏర్పాటును ఐ.వి.ఆర్.ఎస్. అంటారు. జాబితా లేకపోయినా, ఒక శ్రేణిలోని నంబర్లను 0 నుండి 9 వరకు మార్చుకుంటూ పోవచ్చు. కనుక ఎవరికీ ఇవ్వని నంబరుకు కూడా ఇటువంటి కాల్స్ వస్తాయి.

ఐ.వి.ఆర్.ఎస్. స్వతహాగా చెడ్డది కాదు. గ్యాసు సిలిండరు బుకింగు, 139 ద్వారా రైళ్ళ సమాచారం ఇందుకు ఉదాహరణలు. ఆంధ్ర ప్రదేశ్‌లో ప్రభుత్వ పథకాలపై ప్రజాభిప్రాయం కోరే ఐ.వి.ఆర్.ఎస్. కాల్స్ కూడా 2014 తరువాత సాధారణమయ్యాయి. అభ్యర్థుల ఎంపికలో రాజకీయ పక్షాలు వీటిని వాడుతున్నాయి. ఎన్నికల కాలంలో ప్రచారానికి పంపే రికార్డు గొంతు సందేశాలకు ముందస్తు ధ్రువీకరణ ఉండాలన్నది ఎన్నికల సంఘం నియమం.

ఖాళీ కాల్స్

ఫోను ఎత్తి "హలో" అన్నా అవతల ఎవరూ పలకని కాల్స్‌కు ఒక కారణం ప్రిడిక్టివ్ డయలర్. కాల్ సెంటరులో పదిమంది ఉంటే ఈ యంత్రం పదికంటే ఎక్కువ నంబర్లకు ఒకేసారి ఫోను చేస్తుంది. కొందరు ఎత్తరని దాని అంచనా. అంచనా తప్పి ఎక్కువమంది ఎత్తితే, మాట్లాడటానికి మనిషి లేక ఆ కాల్ నిశ్శబ్దంగా ఉండి తెగిపోతుంది.

తడి కేబులు వలన కూడా ఇదే నిశ్శబ్దం వస్తుంది. బలహీనమైన సిగ్నలు వలన మాట తెగిపోయినా ఇదే వస్తుంది. వినేవారికి తేడా తెలియదు. లైను చెడిపోయిందో, ఎవరైనా ఆపదలో ఫోను చేస్తున్నారో, యంత్రం చేసిందో తెలియక వృద్ధులు తిరిగి ఆ నంబరుకు ఫోను చేస్తుంటారు. ఈ అలవాటును ఆధారం చేసుకున్న మోసాన్ని "వాంగిరి" అంటారు. జపాను భాషలో దీనికి ఒక్కసారి మ్రోగించి కోసేయడం అని అర్థం. విదేశీ నంబరు నుండి ఒక్క రింగు ఇచ్చి, తిరిగి చేసినవారి నుండి అధిక రుసుము రాబట్టడం దీని పద్ధతి.

గల్ఫ్ వలస కుటుంబాలు

కోనసీమ నుండి కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యు.ఎ.ఇ. వంటి దేశాలకు వలస వెళ్ళినవారి సంఖ్య ఎక్కువ. ఇళ్ళలో పనిచేయడానికి వెళ్ళిన స్త్రీలు వీరిలో చాలామంది ఉన్నారు. సొంత ఫోను లేనివారు యజమాని ఫోను నుండో, తోటి పనివారి ఫోను నుండో ఇంటికి మాట్లాడుతారు. యు.ఎ.ఇ. వంటి దేశాలలో ఇంటర్నెట్ మాట కాల్స్‌పై ఆంక్షలు ఉన్నాయి. అనుమతి లేని మార్గాలలో, సిమ్ పెట్టెల గుండా మళ్ళించిన విదేశీ కాల్ ఇక్కడి ఫోనుపై స్థానిక నంబరుగా కనిపించవచ్చు. అందువలన "తెలియని నంబరు ఎత్తవద్దు" అన్న సలహా ఈ కుటుంబాలకు ఆచరణలో సాధ్యం కాదు. ఎత్తకపోతే నెలకొకసారి వచ్చే కబురు పోతుంది. ఎత్తితే అది మోసగాని కాల్ కావచ్చు.

మోసపూరిత కాల్స్

"మీ నంబరు రెండు గంటలలో రద్దవుతుంది, వివరాలకు 9 నొక్కండి" అనే రికార్డు కాల్స్ టెలికాం శాఖ పేరుతోను, ట్రాయ్ పేరుతోను వస్తుంటాయి. ఇటువంటి కాల్స్ తాము చేయమని ఆ రెండు సంస్థలూ ప్రకటించాయి. 9 నొక్కినవారిని పోలీసు అధికారిగా నటించే వ్యక్తికి కలిపి, "డిజిటల్ అరెస్టు" పేరుతో బెదిరించి డబ్బు గుంజుతారు. భారత చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేదు. విదేశాల నుండి వస్తూ భారతీయ నంబరుగా కనిపించే కాల్స్‌ను అడ్డుకునే వ్యవస్థను 2024 అక్టోబరులో ప్రారంభించారు.

అడగని "కాలర్ ట్యూన్" వంటి సేవలను ఒక అంకె నొక్కినంతనే అంటగట్టి డబ్బు కోసుకోవడం 2000ల చివరలో మరొక బెడదగా ఉండేది. ఇటువంటి సేవలకు చందాదారు నుండి రెండుసార్లు సమ్మతి తీసుకోవాలని 2011, 2013 సంవత్సరాలలో ట్రాయ్ ఆదేశించింది. వాటిని తొలగించుకోవడానికి 155223 అనే ఉచిత నంబరు ఏర్పడింది.

నియంత్రణ

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) 1997లో ఏర్పడింది. అవాంఛిత కాల్స్‌పై నియమాలు ఈ క్రమంలో వచ్చాయి:

2007: జాతీయ "డు నాట్ కాల్" పట్టిక. ఇందులో నమోదైన నంబర్లకు వ్యాపార కాల్స్ చేయరాదు.

2010: కొత్త నిబంధనలు. ఇవి 2011 సెప్టెంబరు 27 నుండి పూర్తిగా అమలయ్యాయి. బ్యాంకింగు, స్థిరాస్తి, విద్య, ఆరోగ్యం, పర్యాటకం మొదలైన విభాగాలలో ఏవి కావాలో, ఏవి వద్దో చందాదారు ఎంచుకోవచ్చు. టెలిమార్కెటింగు సంస్థలకు 140తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు.

2018: ప్రస్తుత నిబంధనలకు మూలం. సందేశాలు పంపే సంస్థల పేర్లు, సందేశ నమూనాలు, చందాదారుల సమ్మతులు బ్లాక్‌చెయిన్ పట్టికలలో నమోదు కావాలి. 2021 మార్చి 8న దీన్ని కఠినంగా అమలు చేయగానే నమోదుకాని బ్యాంకు సందేశాలు, ఒ.టి.పి.లు కూడా ఆగిపోయాయి. దానితో అమలును కొద్దిరోజులు వాయిదా వేశారు.

2024: నమోదు లేకుండా వ్యాపార కాల్స్ చేసేవారి లైన్లన్నీ తొలగించి, రెండేళ్ళు నిషేధించాలని ఆగస్టు 13న ట్రాయ్ ఆదేశించింది. బ్యాంకులు, ఆర్థిక సంస్థల సేవా కాల్స్ కొరకు 1600 శ్రేణి ఏర్పడింది.

2025: ఫిబ్రవరి 12 నాటి సవరణ. ఫిర్యాదుకు గడువు 3 రోజుల నుండి 7 రోజులకు పెరిగింది. నమోదుకాని నంబరుపై 10 రోజులలో 5 ఫిర్యాదులు వస్తే చర్య తీసుకోవచ్చు. ఆటో డయలర్లు, రోబో కాల్స్ వాడేవారు ముందుగా తమ టెలికాం సంస్థకు తెలియజేయాలి.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇటువంటి కాల్స్‌పై చట్టం 1991లోను, జాతీయ పట్టిక 2003లోను వచ్చాయి. కృత్రిమ మేధతో తయారైన గొంతు కూడా ఆ చట్టం క్రిందికే వస్తుందని అక్కడి నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో తేల్చింది. అయినప్పటికీ అక్కడ కూడా ఈ కాల్స్ ఆగలేదు. నియమాలు నమోదైన సంస్థలను కట్టడి చేస్తాయి. మోసగాళ్ళు నమోదు చేసుకోకపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

సేవల అంతరాయంపై నియమాలు

లాండ్‌లైను మూడు రోజులకు మించి పనిచేయకపోతే అద్దెలో తగ్గింపు ఇవ్వాలని ట్రాయ్ 2009 నిబంధనలలో నిర్దేశించింది. మాట మధ్యలో తెగే ప్రతి కాల్‌కు ఒక రూపాయి చొప్పున రోజుకు మూడింటి వరకు పరిహారం ఇవ్వాలని 2015 అక్టోబరులో చేసిన నిబంధనను, 2016 మే 11న సుప్రీంకోర్టు కొట్టివేసింది.

2024 ఆగస్టులో ప్రకటించిన సేవా ప్రమాణాల ప్రకారం, ఒక జిల్లాలో సేవ 24 గంటలకు మించి నిలిచిపోతే చందాదారులకు అద్దె తగ్గింపు గాని, గడువు పెంపు గాని ఇవ్వాలి. అయితే ప్రకృతి వైపరీత్యాల వలన కలిగిన అంతరాయాలకు ఇది వర్తించదు. కోనసీమలో దీర్ఘకాలపు అంతరాయాలు ఎక్కువగా తుఫానులు, వరదల వలననే కలుగుతాయి గనుక ఈ మినహాయింపు ఇక్కడివారికి ముఖ్యమైనది.

టెలిఫోను వివాదాలు వినియోగదారుల ఫోరాల పరిధిలోకి రావని 2009 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2022 ఫిబ్రవరి 16న మరొక తీర్పులో అదే న్యాయస్థానం, వినియోగదారుడు ఫోరానికి వెళ్ళవచ్చని స్పష్టం చేసింది. కనుక నేడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

ఫిర్యాదు చేయు విధానం

సేవ పనిచేయనప్పుడు: ముందుగా ఆ టెలికాం సంస్థ ఫిర్యాదుల కేంద్రానికి (198) తెలియజేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. గడువులోగా పరిష్కారం కాకపోతే 30 రోజులలోపు అదే సంస్థలోని అప్పీలు అధికారికి విన్నవించుకోవచ్చు. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను స్వయంగా పరిష్కరించదు.

వ్యాపార కాల్స్ వచ్చినప్పుడు: 1909కి ఫోను చేసి గాని, సందేశం పంపి గాని, ట్రాయ్ డి.ఎన్.డి. యాప్ ద్వారా గాని ఫిర్యాదు చేయవచ్చు. కాల్ వచ్చిన నంబరు, తేదీ చెప్పాలి. అవసరం లేని విభాగాలను ముందుగా నిరోధించుకోవడం కూడా 1909 ద్వారానే చేయవచ్చు.

మోసపు కాల్ అని అనుమానం కలిగినప్పుడు: టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వేదికలో 2024 మార్చి నుండి ఉన్న "చక్షు" విభాగంలో తెలియజేయాలి.

డబ్బు పోయినప్పుడు: వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆలస్యం చేసిన కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోయి తిరిగి రాబట్టడం కష్టమవుతుంది.

విపత్తు హెచ్చరికలపై ప్రభావం

1996 తుఫానులో హెచ్చరిక సముద్రంలో ఉన్నవారికి చేరకపోవడం ప్రాణనష్టానికి ఒక కారణం. ఇప్పుడు సందేశాలు, రికార్డు గొంతు కాల్స్ ద్వారా హెచ్చరికలు పంపే వీలు ఉంది. కాని రూపంలో ఆ హెచ్చరిక కూడా ఒక యాంత్రిక కాలే. ఎత్తగానే రికార్డు గొంతు వినిపిస్తే పెట్టేయడానికి అలవాటుపడిన వ్యక్తి హెచ్చరికను కూడా అలాగే పెట్టేయవచ్చు. 2025 సవరణలో ప్రభుత్వ సందేశాలు పంపేవారి పేరు చివర "జి" అనే అక్షరం, వ్యాపార ప్రచారానికి "పి" అనే అక్షరం ఉండాలని నిర్ణయించడం ఈ తేడా తెలియడానికి కొంత తోడ్పడుతుంది. అయితే ఇది సందేశాలకే గాని కాల్స్‌కు వర్తించదు.

దీనికి భిన్నమైనది సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతి. ఇందులో ఒక్కొక్క నంబరుకు ఫోను చేయరు. టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి సందేశం వెళ్ళి, ప్రత్యేకమైన శబ్దంతో తెరపై కనిపిస్తుంది. 2023లో దేశంలోని వివిధ రాష్ట్రాలలో దీన్ని పరీక్షించారు. టెలిమార్కెటింగు సంస్థలకు ఈ మార్గం అందుబాటులో ఉండదు గనుక దీని మీద ప్రజల నమ్మకం చెడలేదు. విపత్తు సమయంలో ఒక సంస్థ టవరు పడిపోతే ఆ చందాదారులు మరొక సంస్థ టవరును వాడుకునేలా ఇంట్రా సర్కిల్ రోమింగును అనుమతించడం మరొక ఏర్పాటు. ఈ రెండూ కూడా ఏదో ఒక టవరు నిలిచి ఉంటేనే పనిచేస్తాయి. అందువలన తీర గ్రామాలలోను, లంకలలోను దండోరా, మైకు ప్రచారం, స్వయంగా వెళ్ళి చెప్పడం వంటి పాత పద్ధతుల అవసరం ఇంకా తీరలేదు.

ఇవి కూడా చూడండి

కోనసీమ
అమలాపురం
1996 ఆంధ్ర ప్రదేశ్ తుఫాను
గోదావరి వరదలు
భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్
హామ్ రేడియో
మోరి